రిపోర్టు కాదు, ఇల్లు కట్టించండి

సంపాదకులకు,

సివిల్, ఆర్కిటెక్చర్ కోర్సుల చివరి ఏడాది ప్రాజెక్టు చాలాచోట్ల బైండింగ్ చేయించిన రిపోర్టుతోనే ముగిసిపోతోంది. అందులో సగం పాత బ్యాచ్‌ల నుంచి ఎత్తిరాసింది, మిగతాది బజారులో కొన్నదని అధ్యాపకులకు తెలియని సంగతి కాదు. దానికి బదులు, కళాశాల ఆవరణలోనే నూరు, నూటయాభై చదరపు అడుగుల పర్యావరణహిత గృహాన్ని విద్యార్థుల చేత డిజైన్ చేయించి, వారి చేతనే కట్టించి మార్కులు వేయాలని కోరుతున్నాను.

ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో 2021లో ప్రారంభించిన సెక్యూరిటీ క్యాబిన్‌ను, వ్యవసాయ వ్యర్థాలను సున్నంతో కలిపి అచ్చుపోసిన ఇటుకలతో ఒక పరిశోధక విద్యార్థి భాగస్వామిగా ఉన్న బృందమే కట్టింది. బట్టీలో కాల్చే పని లేని ఆ ఇటుక, మట్టి ఇటుక బరువులో సుమారు ఎనిమిదో వంతే ఉంటుంది. అయితే భారం మోయలేదు కనుక ఇనుప చట్రం అవసరమైంది, వానకు తట్టుకోవడానికి పైన సిమెంటు పూత వేయాల్సి వచ్చింది. కోతలయ్యాక గడ్డిని పొలంలోనే తగలబెడుతున్న ప్రాంతాల కళాశాలలు ఈ లాభనష్టాలు రెండింటినీ స్వయంగా పరీక్షించి చూడవచ్చు.

ఐఐటీలకు నిధులుంటాయి, మాకెక్కడివని యాజమాన్యాలు అడగవచ్చు. కేరళలో వాస్తుశిల్పి లారీ బేకర్ ప్రచారంలోకి తెచ్చిన ర్యాట్ ట్రాప్ గోడకు ప్రయోగశాల అక్కరలేదు, ఊళ్లో దొరికే ఇటుక, ఓపికున్న ఒక మేస్త్రీ చాలు. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, నడుమ ఖాళీ వదులుతూ కట్టే ఈ గోడకు దాదాపు పాతిక శాతం ఇటుకలు తగ్గుతాయి, ఆ ఖాళీలోని గాలి ఎండ వేడిని లోపలికి త్వరగా రానివ్వదు. బోర్డు మీద ఇది గీయడం తేలికే. కట్టేటప్పుడు ఇటుకల మధ్య పెట్టే మాలు కొంచెం ఎక్కువైతే ఖాళీలోకి జారి, రెండు పొరలనూ కలిపేసి, వేడికీ చెమ్మకూ దారి ఇస్తుంది. మేస్త్రీ తాపీతో ఆ మాలును గీకి చూపించినప్పుడు కానీ విద్యార్థికి ఈ సంగతి తలకెక్కదు. అందుకే మేస్త్రీని కూలీగా కాక గురువుగా పిలిచి, గౌరవ వేతనం ఇవ్వాలని నా అభిప్రాయం.

కట్టి, రిబ్బను కత్తిరించి, తాళం వేస్తే మాత్రం శ్రమంతా వృథా. ఆ గదిని వాచ్‌మన్‌కు అప్పగించి, మే నెల మధ్యాహ్నాల్లో అక్కడి ఉష్ణోగ్రతను పక్కనున్న మామూలు స్లాబు గదితో పోల్చి విద్యార్థులే రాసుకోవాలి, తొలకరిలో ఎక్కడ కారిందో గుర్తించాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ (చల్లని పైకప్పు) విధానం చెప్పే తెల్లటి పూత రెండో వేసవికి ఎంత మిగిలిందో చూడటానికీ ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

ఒక్కో ఇందిరమ్మ ఇంటికి 5 లక్షల రూపాయలిస్తున్న ఈ రోజుల్లో, ఆ సొమ్ముతో ఇల్లు మొదలుపెట్టబోయే కుటుంబం లోపలికి వెళ్లి కూర్చుని, గోడ మీద చెయ్యి పెట్టి చూసి, గుమ్మం పక్కన వేలాడదీసిన ఖర్చుల పట్టికను మేస్త్రీతో చదివించుకునే వీలు ప్రతి కళాశాలలోనూ ఉండాలి. పైకప్పును, విద్యుత్ వైరింగును అర్హత గల ఇంజినీరు తనిఖీ చేయాలన్న నిబంధనతో, సాంకేతిక విశ్వవిద్యాలయాలు వచ్చే విద్యా సంవత్సరం నుంచే దీనికి క్రెడిట్లు కేటాయించాలని మనవి.

భవదీయుడు,
విశ్రాంత సివిల్ ఇంజినీరింగ్ అధ్యాపకుడు, వరంగల్