మంత్రి గారూ, ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉందో ముందు అడగమనండి

గౌరవనీయులైన మహిళా శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

సోమవారం గ్రీవెన్స్‌లో గృహహింస గురించి ఇచ్చిన అర్జీలు మీ దాకా రాలేదేమోననుకుని ఇలా అందరి ముందూ రాస్తున్నాను. వచ్చాయంటారా, అయితే ఇంకా బాధ. మాకు అందిన జవాబు "మీ అర్జీ పరిష్కరించబడినది" అని ఒక మెసేజ్. ఏం పరిష్కరించారో అందులో లేదు.

నేను మా ఊరి మహిళా సంఘంలో లెక్కలు రాస్తాను. వాయిదా కట్టేశాక కూడా లేవకుండా కూర్చున్నారంటే ఇంట్లో ఏదో అయిందని నాకు అర్థమైపోతుంది. అలా కూర్చునే ఒకమ్మాయి చివరికి ధైర్యం చేసి సాయం కోసం మీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసింది. వివరాలు రాసుకున్నారు, మళ్లీ చేస్తామన్నారు. మాట తప్పలేదు లెండి, చేశారు. రాత్రి అన్నాలవేళ చేశారు. ఫోన్ మొగుడు ఎత్తాడు. "మేడమ్ ఉన్నారా, భర్త మీద కంప్లైంట్ ఇచ్చారు కదా" అని ఆయన్నే అడిగారు. తర్వాత కొన్నాళ్లు ఆ పిల్ల మీటింగ్‌కు రాలేదు. వచ్చిన రోజు పాస్‌బుక్ ఎడం చేత్తో అందించింది. సంతకం చెయ్యలేను అక్కా, వేలిముద్ర వేస్తానంది.

ఈ నంబరు ఎవరి దగ్గర ఉంటుంది, ఏ టైంలో చెయ్యమంటారు, వేరేవాళ్లు ఎత్తితే ఏం చెప్పమంటారు? ఇవి ఆమెను ముందే అడగడానికి బడ్జెట్ కావాలా, జీవో కావాలా?

గృహహింస చట్టం కింద 2006లో వచ్చిన నిబంధనల్లో ఐదో నంబరు ఫారం సేఫ్టీ ప్లాన్ కోసమే, అంటే మళ్లీ దెబ్బలు పడకుండా ఏం చెయ్యాలో రాసుకోవడానికే ఉంది. ఆమె ఫైలులో డీఐఆర్, అంటే జరిగిన హింస గురించి రాసే రిపోర్టు ఉంది, ఐదో ఫారం లేదు. అడిగితే "అది అవసరమైనవాళ్లకేనమ్మా" అన్నారు. చెయ్యి విరిగాక కూడా అవసరం పడని ఫారం ఇంకెప్పుడు పనికొస్తుందో మీరే చెప్పాలి.

ఇక కౌన్సెలింగ్. మొగుణ్ణీ పెళ్లాన్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి "నీ కష్టమేంటో చెప్పమ్మా" అన్నారు. ఆయన మోకాలు ఆమెకు తగులుతోంది. "ఏం లేదండి" అంది. రాజీ అని రాసుకున్నారు. మీ రివ్యూ మీటింగ్ లెక్కల్లో అదీ ఒక విజయమే అయి ఉంటుంది.

వాళ్లబ్బాయి ఎనిమిదో తరగతి. గొడవ మొదలైతే తల్లికి అడ్డం పడతాడు. మధ్యలోకి రాకు, చెల్లెల్ని తీసుకుని పక్కింటికి పో, అక్కణ్ణుంచి 112కి చెయ్యి అని వాడికి చెప్పినవాళ్లు లేరు. మంటలొస్తే ఎలా బయటపడాలో బళ్లో నేర్పుతారు, ఇది మాత్రం నేర్పరు. ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు ఒక సంచిలో పెట్టి నమ్మకమైన ఇంట్లో ఉంచుకోమని తల్లికీ ఎవరూ చెప్పలేదు. ఇల్లు వదిలి వచ్చేటప్పుడే ప్రమాదం ఎక్కువని మీ శాఖలో తెలియనివాళ్లు ఉంటారా? తెలిసీ "వచ్చెయ్యమ్మా" అనేస్తారు.

వస్తే ఎక్కడికి? హింసకు గురైన ఆడవాళ్ల కోసం పెట్టిన సఖి కేంద్రంలో ఐదు రోజులు. కోర్టులో మొదటి వాయిదా తర్వాత 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం. ఆరో రోజు నుంచి ఆమె ఎక్కడుండాలి? వేరే హోముకు పంపుతామంటారు. అక్కణ్ణుంచి పిల్లలు బడికి ఎలా వెళ్లాలో చెప్పరు. అసలు ఆ ఇంట్లోనే ఉండే హక్కు ఆమెకు గృహహింస చట్టం 17వ సెక్షన్ ఇచ్చిందన్న మాట అయితే ఎవరి నోటా రాదు.

అడగాల్సినవి చాలా ఉన్నాయి. సిబ్బందికి ట్రైనింగ్ ఇవ్వండి, పిల్లలకు నేర్పండి, దయచేసి ఆ ఫోన్లు చేసే పద్ధతి మార్చండి. తాలూకా స్థాయి దాకా ప్రొటెక్షన్ ఆఫీసర్లను, అంటే ఈ చట్టం కింద బాధితులకు సాయపడే అధికారులను పెట్టాలని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది కదా. మా మండలానికి ఎవరండీ? పేరూ నంబరూ పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించండి. ముందు ఆ ఒక్క పేరు ఇవ్వండి, మిగతావి ఆయన్నో ఆవిడనో పట్టుకుని మేమే అడుగుతాం.

ఇట్లు
మహిళా సంఘంలో లెక్కలు రాసే ఒక సభ్యురాలు