నిషేధం రోజుల్లో మోటారు సంగతి

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో అమలయ్యే 61 రోజుల వేట నిషేధం గురించి పత్రికల్లో వచ్చే వార్తలు చాలావరకు భృతి చుట్టూ, డీజిల్ రాయితీ చుట్టూ తిరుగుతుంటాయి. అవి రావలసినవే. అయితే ఈ రెండు నెలలూ ఇంటి చూరు కింద, గోనెపట్టా కప్పి, ఉప్పుగాలికి వదిలేసిన చిన్న పెట్రోలు మోటార్ల మాట ఎవరూ ఎత్తడం లేదు. ఆ సంగతి రాయడానికే ఈ ఉత్తరం.

నేను యంత్రాల మరమ్మతులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి విరమించిన ఫిట్టరును, ఉండేది విశాఖ పెదజాలారిపేటలో. నిరుడు నిషేధ కాలంలో మా తోడల్లుడూ నేనూ కలిసి భీమిలి వైపు నుంచి ఒక పాత ఫైబర్ తెప్ప కొన్నాం. దాని వెంట 9.9 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ అవుట్‌బోర్డు మోటారు (తెప్ప వెనుక బయటకు తగిలించేది) ఒకటి వచ్చింది. అమ్మినాయన దాన్ని బేరంలో లెక్క కూడా వేయలేదు. మూడేళ్లుగా తిప్పలేదని, పాతసామాన్లవాడికి వేసేయమని చెప్పాడు. మేము పిలిచిన మెకానిక్కు కూడా వచ్చీ రాగానే తాడు నాలుగుసార్లు బలంగా లాగి, ఇంజను పోయిందని తేల్చి, వెళ్లిపోయాడు. ఆ నాలుగు లాగులకే మోటారు నిజంగా పోయి ఉండేది. ఏళ్ల తరబడి తిరగని సిలిండర్లలో నూనె పొర ఆరిపోయి, పిస్టన్ రింగులకూ సిలిండరు గోడకూ మధ్య తుప్పు పడుతుంది. ఆ స్థితిలో పొడిగా లాగితే తుప్పు గోడను గీరేస్తుంది, పట్టేసిన రింగు విరిగినా విరుగుతుంది.

నేను చేసిందల్లా రెండు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ఒక్కొక్క సిలిండరులో రెండేసి చెంచాల టూ స్ట్రోక్ ఆయిల్ పోసి, ఆ రాత్రికి వదిలేయడం. మర్నాడు పొద్దున ఫ్లైవీలును చేత్తో సవ్యదిశలో మెల్లగా తిప్పాను. మొదట మొండికేసినా, కాసేపటికి తిరిగింది. ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టి తిప్పితే గాలి వేలిని బయటికి తోసింది. ఇంజనులో ఊపిరి ఉందని అప్పుడు నమ్మకం కుదిరింది.

కానీ నిప్పురవ్వ రాలేదు. కొత్త ప్లగ్గులు వేశాను, వైర్లు తుడిచాను, కాయిల్ అనుమానించాను. రెండు గంటలు వృథా అయ్యాక గాని ఇంజను ఆపే ఎర్ర బొత్తాం కింద ఉండవలసిన క్లిప్పు లేదన్న సంగతి నాకు కనపడలేదు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడు చెప్పుకోదగిన విషయం కాదు గాని, చెబుతున్నాను. ఆ క్లిప్పుకు కట్టిన తాడు నడిపేవాని మణికట్టుకు ఉండాలి. మనిషి నీళ్లలో పడితే క్లిప్పు ఊడివచ్చి ఇంజను ఆగుతుంది. క్లిప్పు లేకపోతే రవ్వే రాదు. అది పోయినప్పుడు కొత్తది కొనడానికి బదులు మా పేటలోనే కొందరు బొత్తాం కింద తాడుముక్క బిగించి శాశ్వతంగా వదిలేస్తున్నారు. మనిషి పడిపోయినా అటువంటి తెప్ప ఆగదు. నీళ్లలో తిరిగి తెప్పను తోసే ఫ్యానుతో సహా ఎటో వెళ్లిపోతుంది. ఇది మరమ్మతు కాదు, ప్రాణాలతో చెలగాటం.

తరువాత పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బురేటర్. గిన్నె విప్పితే అడుగున ముదురు బెల్లంపాకంలాంటి గోధుమరంగు జిగురు గడ్డకట్టి ఉంది. పెట్రోలులో ఆవిరయ్యేది ఆవిరైపోగా మిగిలినదే అది; వెంట్రుకంత జెట్టు రంధ్రాలను అదే మూసేస్తుంది. వాటిని పొడవడానికి సూది వాడకూడదు, రంధ్రం పెద్దదైతే ఇంధనం లెక్క తప్పుతుంది. కరెంటు తీగలోంచి తీసిన ఒక్క రాగి పోగు చాలు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ మితిమీరితే నీరూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి, ఇంజను మొదట పీల్చేది ఆ అడుగునున్నదాన్నే. మన సముద్రతీరపు ఉక్కలో రెండు నెలలు నిలవ ఉన్న పెట్రోలుతో జూన్ 15న వేటకు బయలుదేరడం ఎంతమాత్రం క్షేమం కాదు. ఆ పాత పెట్రోలు తీసేసి కొత్తది పోయాలి, లీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున ఆయిల్ కలపాలి.

అసలు కథ మోటారు అడుగుభాగంలో, గేర్లుండే చోట ఉంది. గేర్ ఆయిల్ మర విప్పగానే పాలు కలిపిన టీలాగా తెల్లగా కారింది, అంటే లోపలికి ఉప్పునీరు వెళ్లిందన్నమాట. ఫ్యాను ఊడదీస్తే కారణం కళ్ల ముందే ఉంది. వలకు చెందిన సన్నని నైలాన్ పోగు ఒకటి షాఫ్టు చుట్టూ పదిపన్నెండు చుట్లు బిగుసుకుని, రబ్బరు సీలును కత్తిలా కోసేసింది. మూరెడు పోగు గేర్లన్నింటినీ తినేయగలదు. సీలు మార్చి, కొత్త ఆయిల్‌ను కింది రంధ్రం నుంచి పై రంధ్రంలో పొంగేదాకా ఎక్కించాను. పైనుంచి పోస్తే లోపల గాలి చిక్కుకుపోతుంది.

నీళ్లు తోడే ఇంపెల్లర్ రబ్బరు రెక్కలు ఒకే పక్కకు వంగి బిగుసుకుపోయాయి, రెండు రెక్కలు మొదట్లో పగిలాయి. కొన్ని వందల రూపాయల వస్తువు అది. దాని కోసం ఫిషింగ్ హార్బరు పరిసరాల్లోని దుకాణాలన్నీ తిరిగాను. కొత్త మోటార్లు చూపించారు గాని ఆ రబ్బరు ముక్క మాత్రం లేదన్నారు. చివరకు కాకినాడ నుంచి తెప్పించుకునేసరికి పదకొండు రోజులు పట్టింది. అది లేకుండా మోటారు తిప్పితే చల్లబరిచే నీరు అందక కొద్ది నిమిషాల్లోనే ఇంజను కాలిపోతుంది.

ఆ తరువాత పెద్ద డ్రమ్ములో నీళ్లు నింపి, ఫ్యాను పైనున్న పలక మునిగేదాకా మోటారు దించి, తాడు లాగాం. ఆరోసారికి తెల్లటి పొగతో రేగింది. వెనుక చిన్న రంధ్రం నుంచి నీటిధార పడడం చూసి మా తోడల్లుడు చప్పట్లు కొట్టాడు. అయిదు నిమిషాలకు ఇంజను ఆగిపోతే మా ఇద్దరికీ గుండె జారింది. చూస్తే ట్యాంకు మూత మీద గాలి మర మూసి ఉంది. అది వదులు చేశాక మళ్లీ ఆగలేదు. జూన్ 15 తెల్లవారుజామున అదే మోటారుతో కెరటాలు దాటాం.

ఇదంతా గొప్ప చెప్పుకోవడానికి రాయలేదు. ఇందులో నిపుణులు మాత్రమే చేయగల పని ఏదీ లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లిన తరువాత నీట మునిగిన మోటార్లను ఇసుకలో ఎలా ఉన్నవాటిని అలాగే వదిలేసిన దృశ్యం నాకింకా గుర్తుంది. మునిగిన మోటారును బయటికి తీసిన కొద్ది గంటల్లోనే మంచినీటితో కడిగి, ప్లగ్గులు తీసి నీరు వంచి, నూనె పోసి తిప్పి ఉంటే వాటిలో చాలా బతికేవి. చెప్పేవాళ్లు లేరు.

అందుచేత మత్స్యశాఖ అధికారులకు నా విన్నపం. రాయితీ మీద మోటారు ఇచ్చేటప్పుడు దాని వెంట ఒక అదనపు ఇంపెల్లర్, రెండు ప్లగ్గులు, గేర్ ఆయిల్ సీసా, క్లిప్పు తాడు కూడా ఇవ్వండి. మోటారు ధరతో పోలిస్తే ఆ ఖర్చు లెక్కలోకి రాదు. మన విశాఖలోనే సిఫ్‌నెట్ (కేంద్ర ప్రభుత్వ మత్స్య శిక్షణ సంస్థ) కేంద్రం ఉంది, మెరైన్ ఫిట్టర్లకు అక్కడ శిక్షణ ఇస్తారు. నిషేధం కాలంలో ఆ బోధకులను పెదజాలారిపేటకు, మంగమారిపేటకు, భీమిలికి రెండేసి రోజులు పంపించి, ఇసుక మీదే, మా మోటార్లతోనే, మా కుర్రవాళ్ల చేత విప్పించి బిగింపజేస్తే బాగుంటుంది. ఆ రోజుల్లో కుర్రవాళ్లకు ఎలాగూ తీరిక ఉంటుంది.

ఈ జూన్ 14 లోపు అటువంటి శిబిరం ఎక్కడ పెట్టినా నేను వస్తాను. ఆ పగిలిన ఇంపెల్లర్‌ను, షాఫ్టు నుంచి కోసి తీసిన నైలాన్ పోగును ఒక డబ్బాలో దాచి ఉంచాను, చూపించడానికి పనికొస్తాయి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఫిట్టరు,
పెదజాలారిపేట, విశాఖపట్నం