మా అవ్వ మాటను సాక్ష్యంగా రాసిన లాయరమ్మకు

పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు, లాయరమ్మా. మా కొండరెడ్ల ఊరి సామూహిక అటవీ హక్కుల దరఖాస్తును ఆధారాలు చాలవని తిరస్కరించినప్పుడు ఊరంతా టెన్షన్ పడ్డాం. అప్పీలుకు 60 రోజులే గడువు. తాతల నాటి అడవికి కాగితాలు ఎక్కడి నుంచి తెస్తాం?

మీరు వచ్చి మా ముసలోళ్ల పక్కన చాప మీద కూర్చున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నియమాల్లో 13వది చదివి, పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమేనని చెప్పారు. జీలుగు చెట్లు ఎక్కడున్నాయో, వెదురు ఏ గట్టున కొడతామో, ఏ వాగు దాకా మా హద్దో ఒక్కొక్కరినీ అడిగి, వాళ్ల మాటల్లోనే రాశారు. రాసింది చదివి వినిపించారు. మా అవ్వ ‘ఆ చెట్టు వాగుకి ఇవతల కాదమ్మా, అవతల’ అంటే ఆ పేజీ మొత్తం మళ్లీ రాశారు. వేలిముద్ర వేయించుకునే ముందు ఆమెను అంత ఓపికగా అడిగినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు.

అడవినీ జీవవైవిధ్యాన్నీ కాపాడే అధికారం అదే చట్టంలోని 5వ సెక్షన్ గ్రామసభకు ఇచ్చిందని మీరు చెప్పాకే మాకు తెలిసింది. గడువులోగా అప్పీలు వేశాం, విచారణ నడుస్తోంది. ఫీజు తీసుకోలేదు, ఇచ్చిన తేనె కూడా మా పిల్లలకే పంచేశారు. ఊరందరి తరఫున మీకు దండాలమ్మా.