గోదావరి గట్టున ఉన్న సూక్ష్మశిలాజ సాక్ష్యం

సంపాదకులకు,

డైనోసార్ల అంతం గురించి పత్రికలు తరచు రాస్తున్నా, ఆ కాలానికి తేదీ కట్టడంలో తోడ్పడే సూక్ష్మజీవుల ఊసు పాఠకులకు చేరడం లేదు. ఇటలీలోని గుబ్బియో సున్నపురాతి పొరల నుంచి 1964లో శాస్త్రవేత్తలు లూటర్‌బాకర్, ప్రెమోలి సిల్వా వర్ణించిన పార్వులారుగోగ్లోబిజెరినా యూగుబినా అటువంటిదే. సముద్రపు పైనీటిలో తేలుతూ బతికిన ఈ ఏకకణజీవి కట్టుకున్న సున్నపు గుల్ల సుమారు మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే. చిన్న గదులు చుట్టగా పేరుకుంటూ, ఒక్కొక్కటి ముందుదానికంటే కొంచెం పెద్దదవుతూ పోతాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి ఆ మహావినాశనం తరువాత త్వరలోనే పుట్టి, కొద్ది లక్షల ఏళ్లలోనే అంతరించింది కనుక, ఇది కనిపించిన పొర వయసును ఎంతో కచ్చితంగా చెప్పవచ్చు. దీర్ఘకాలం బతికిన జాతులకు ఈ విలువ ఉండదు.

ఈ జాతి ఉనికి ఆధారంగా గుర్తించే తొలి డేనియన్ (ఆ వినాశనం వెంటనే మొదలైన కాలం) అవక్షేపాలు మన రాజమహేంద్రవరం పరిసర క్వారీల్లో, రెండు లావా పొరల నడుమ ఉన్నాయని భూవిజ్ఞాని గెర్టా కెల్లర్ బృందం 2008లో ప్రచురించింది. కింది లావా ఆ వినాశన కాలానికి చేరువలోనే ప్రవహించిందని దీనివల్ల తెలిసింది. తవ్వకాల్లోనే బయటపడిన ఈ పొరలు ఆ తవ్వకాలతోనే కరిగిపోకముందే, కనీసం ఒక్క క్వారీ గోడనైనా భూవారసత్వ స్థలంగా ప్రభుత్వం పరిరక్షించాలని, అక్కడ తెలుగులో వివరణ ఫలకం నిలపాలని కోరుతున్నాను.

– భూగర్భశాస్త్ర అధ్యాపకుడు, రాజమహేంద్రవరం