రవాణా మంత్రిగారూ, ఒక్క కౌంటర్ తెరిపించండి

గౌరవనీయులైన రవాణా శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

నేను మీకు రాస్తున్న నాలుగో ఉత్తరమిది. ముందు రాసిన మూడింటికీ రసీదు నంబర్లు వచ్చాయి, జవాబు మాత్రం రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

బస్ స్టేషన్‌లో టికెట్ కౌంటర్లు తీసేసి టచ్ స్క్రీన్ మెషీన్లు పెట్టించారు. మా నాన్నకు చూపు లేదు. కౌంటర్ ఉన్నప్పుడు గేటు దగ్గర్నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్లి, ఊరి పేరు చెప్పి టికెట్ తెచ్చుకునేవారు. ఎవరి సాయమూ అడిగేవారు కాదు.

పోయిన నెల కొత్త మెషీన్ దగ్గరికి కూడా ఒక్కరే వెళ్తానన్నారు. నేను సామాన్లతో దూరంగా నిలబడి చూశాను. గాజు మీద వేళ్లు ఆడించారు. ఎక్కడ ముట్టుకున్నా ఒకటే నునుపు. నాన్నకు ఏదైనా తడిమితేనే తెలుస్తుంది, ఆ మెషీన్‌కేమో తడమడమే నొక్కడం. వేలు తగిలి ఏదో పేజీ తెరుచుకుంది. ఏం చేయాలో తెలియక ఆగితే కాసేపటికి మళ్లీ మొదటికొచ్చింది. అలా మూడుసార్లు. వెనక లైన్లో వాళ్లు విసుక్కున్నారు. వాళ్లను అనడానికి లేదు, వాళ్ల బస్సుకూ టైమవుతోంది. ఒక కుర్రాడు జాలిపడి కార్డు తీసుకుని పిన్ ఎంతని అడిగాడు. నేను పరుగున వెళ్లేలోపే నాన్న అందరి మధ్యా ఆ నాలుగంకెలూ పైకి చెప్పేశారు. ఆ కుర్రాడు మంచివాడే. కానీ ప్రతిసారీ మంచివాడే దొరుకుతాడా సార్?

నేల మీద చూపులేనివాళ్ల కోసం పరిచిన పసుపు పలకలున్నాయి చూడండి, కాలికీ కర్రకూ తగిలేలా పైకి తేలిన గీతలుంటే నడవమని, చుక్కలుంటే ఆగమని అర్థం. జపాన్‌లో సెయీచి మియాకే వాటిని 1965లో కనిపెట్టారు, 1967లో మొదటిసారి ఒకయామాలో రోడ్డు మీద పరిచారు. మన స్టేషన్‌లో సరిగ్గా ఆ గీతల మీదికే ఒక మెషీన్‌ను తెచ్చి నిలబెట్టారు. కింద సన్నటి స్తంభం, పైన వెడల్పాటి పెట్టె. చేతికర్ర కింద ఖాళీలోంచి పోతుంది, నుదురు వెళ్లి పెట్టె అంచుకు కొట్టుకుంటుంది. నాన్న కనుబొమ్మ పైన ఆ దెబ్బ మచ్చ ఇంకా ఉంది. ఆ ఫోటో రెండో ఉత్తరంతో పంపాను. మిగతా మెషీన్లకు కింద దిమ్మె కట్టారు. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు దగ్గరికే పోలేరు, స్క్రీన్ ఎలా అందుతుంది?

ఇదేమీ చేతకాని పని కాదు. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే వినిపించే ఏటీఎంలు ఎప్పుడో వచ్చాయి. వాటిలో 5 అంకె మీద చిన్న బొడిపె ఉంటుంది, దాన్ని పట్టుకుని మిగతా అంకెలు వెతుక్కోవచ్చు. వికలాంగుల హక్కుల మీద 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడికలో 9వ అధికరణం రవాణా గురించీ, ప్రజలందరికీ అందించే సేవల గురించీ చెబుతుంది. మీ శాఖ వాళ్లకు నేను చెప్పాల్సిన విషయం కాదు.

మెషీన్లు తీసేయమని అడగడం లేదు. అవి మాట్లాడేలా చేయండి, నొక్కితే చేతికి తెలిసే బటన్లు పెట్టించండి. పసుపు దారి మీద ఉన్నదాన్ని ముందు జరిపించండి, రేపే జరిపించండి. ఇకమీద ఏది కొన్నా చూపులేని మనిషి చేత, కుర్చీలో తిరిగే మనిషి చేత వాడించి చూశాకే కొనండి. అంతవరకూ మనిషి కూర్చునే కౌంటర్ ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తెరిపించండి.

నాన్న ఆ రోజు తర్వాత బస్ స్టేషన్‌కు రాలేదు. అత్తయ్యను చూసి రావాలని ఉందని మొన్న కూడా అన్నారు. నేను తీసుకెళ్తానంటే, "ఒక్కణ్ణే వెళ్లేవాణ్ణి కదమ్మా" అని ఊరుకున్నారు.

ఇట్లు,
ఒక ప్రయాణికుడి కూతురు