కొనే ముందే మొదలవ్వాల్సిన పాఠం

సంపాదకులకు నమస్కారం.

నేను ఆరు, ఏడు తరగతుల పిల్లలకు సైన్స్ చెబుతాను. చెత్త గురించి, కాలుష్యం గురించి మనం పిల్లలకు చెప్పే తీరు మారాలని నా అభిప్రాయం. అందుకే ఈ ఉత్తరం.

1973 నుంచి ఏటా జూన్ 5న ప్రపంచ పర్యావరణ దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆ సందర్భంగా చాలా బడుల్లో పోటీలు పెడతారు. పిల్లలు థర్మకోల్‌తో భూగోళం చేసి, మెరుపుల పొడి చల్లి, ‘భూమిని కాపాడండి’ అని రాసి తెస్తారు. థర్మకోల్ అంటే పాలీస్టైరీన్, అదీ ప్లాస్టిక్కే. ఆ మెరుపుల పొడి కూడా చాలావరకు ప్లాస్టిక్ తునకలే. బహుమతులు ఇవ్వడం అయ్యాక ఆ బొమ్మలన్నీ ఎక్కడికి పోతాయో ఎవరూ చూపించరు. నినాదం నోటికి వస్తుంది కానీ, చేతిలో ఉన్న వస్తువు దేనితో తయారైందో తెలియదు. ఇది నన్ను చాలా బాధపెడుతుంది.

మా తరగతిలో చిరుతిండి ప్యాకెట్ ఒకటి కత్తిరించి పిల్లలకు పంచాను. లోపల వెండిలా మెరిసేది ఏమిటని అడిగితే కొందరు కాగితమన్నారు, కొందరు రేకన్నారు. నిజానికి అది ప్లాస్టిక్ పొర మీద పట్టించిన అతి పలుచని అల్యూమినియం పూత. దానికి అంటుకుని, బొమ్మలు అచ్చేసిన మరో ప్లాస్టిక్ పొర ఉంటుంది. గాలి, తేమ లోపలికి పోకుండా, తిండి మెత్తబడకుండా చేసిన ఏర్పాటది. ఒక పాప గోళ్లతో ఆ పొరలు విడదీయాలని చాలాసేపు చూసింది. రాలేదు. “టీచర్, మరి దీన్ని ఎవరు విడదీస్తారు?” అని అడిగింది. రీసైక్లింగ్ చేసేవాళ్లకు ఎదురయ్యే చిక్కు కూడా సరిగ్గా అదే. అందుకే ఇలాంటి ప్యాకెట్లలో ఎక్కువ భాగం చెత్తకుప్పకో, మంటకో చేరతాయి.

‘బుట్టలో వేస్తే చాలు, రీసైకిల్ అయిపోతుంది’ అనే నమ్మకం పెద్దల్లోనూ ఉంది. 2015 వరకు ప్రపంచంలో చెత్తగా మారిన ప్లాస్టిక్‌లో రీసైకిల్ అయింది సుమారు 9 శాతమేనని 2017లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఇలాంటి అంకెలు పిల్లలకు బరువవుతాయని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ఆ పాప ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలంటే ఈ అంకె చెప్పి తీరాలి. అదే నోటితో, పాత అల్యూమినియాన్ని కరిగించి మళ్లీ వాడితే ఖనిజం నుంచి కొత్తగా తీసేదానికంటే దాదాపు 95 శాతం విద్యుత్తూ ఇంధనమూ మిగులుతాయనీ చెప్పాలి. అప్పుడే ఏ వస్తువు ఎంచుకోవాలో పిల్లలకు తెలుస్తుంది.

తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమని రోజూ చెబుతున్నాం. ఎందుకో చెబుతున్నామా? పండ్ల తొక్కల తడి తగిలితే పక్కనున్న మంచి కాగితం కూడా పనికిరాకుండా పోతుంది. గాలి ఆడని గుట్ట అడుగున ఆ తొక్కలు కుళ్లితే భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు పుడుతుంది. అవే తొక్కలు గాలి తగిలే ఎరువు గుంతలో మట్టికి బలమవుతాయి. కారణం తెలిసిన పిల్లలకు పదే పదే చెప్పనక్కర్లేదు.

బడి వదిలే వేళ గేటు ముందు ఇంజన్లు ఆపకుండా నిలబడే బండ్ల సంగతీ ఇదే. పొగ గొట్టం ఉండేది పిల్లల ముక్కుకు దగ్గరలోనే. ‘నాన్నా, ఇంజన్ ఆపు’ అని బిడ్డ అంటే తండ్రి విసుక్కోకుండా ఆపాలి.

ఒక్కటి మాత్రం మరవొద్దు. ప్యాకెట్‌ను అలా తయారు చేసింది పిల్లలు కారు. భూమి పాడవడం నీ తప్పేనని పదేళ్ల బిడ్డ నెత్తిన మోపడం అన్యాయం. తయారు చేసేవాళ్లను, అమ్మేవాళ్లను, ఇంట్లో కొనేవాళ్లను ప్రశ్నించే ధైర్యం వాళ్లకు ఇద్దాం. ఇది కావాలా, ఇంట్లో ఉన్నదానితో సరిపోదా, పాడైతే బాగుచేయవచ్చా అన్న ప్రశ్నలు వస్తువు ఇంటికి రాకముందే అడగడం నేర్పుదాం.

మీ పత్రికకు ఒక మనవి. వచ్చే జూన్ 5కు పిల్లల పేజీలో బొమ్మల పోటీకి బదులు, ఏదైనా ఒక వస్తువు ఎక్కడ పుట్టి, ఎవరి చేతులు మారి, చివరికి ఎక్కడికి చేరిందో పిల్లలే కనుక్కుని రాసే వ్యాసాలు ఆహ్వానించండి. మా తరగతి పిల్లలు తప్పకుండా రాస్తారు.

– ఒక సైన్స్ ఉపాధ్యాయిని