స్క్రోల్ సా కొంటానన్నావు కదా

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం చూశా. స్క్రోల్ సా, అదే చెక్కలో సన్నటి వంపులు కోసే మిషన్, కొంటానని, అదీ చాలా ఏళ్లు మన్నేది కావాలని రాశావు, చదివి ఎంత సంతోషమేసిందో, నేను మొదటిది కొన్నప్పుడు చెప్పేవాళ్లెవరూ లేరు, అందుకే నాకు తెలిసిందంతా నీకు రాసేద్దామని కూర్చున్నా.

మోటారు పవర్ గురించి బుర్ర బద్దలుకొట్టుకోకు. బ్లేడు దారమంత సన్నం, కోత నెమ్మది, డీవాల్ట్ కంపెనీ వాళ్ల 20 అంగుళాల మిషన్‌కి కూడా 1.3 ఆంప్స్ మోటారే. ముందుగా అరిగిపోయేవి బ్లేడుని పైనా కిందా పట్టుకుని ఊపే మిషన్ చేతుల దగ్గరుండే కీళ్లు. నిమిషానికి 1500 సార్లు ఊగుతుందనుకో, గంటకి 90 వేల సార్లు! నా మొదటి మిషన్‌లో ఆ కీళ్లకి బేరింగుల బదులు ఉత్త బుష్షులే, అంటే గొట్టం ముక్కల్లాంటివే, అవి అరిగి బ్లేడు పక్కకి ఊగడం మొదలైంది, గీత మీద పోనిస్తే ఒట్టు, చివరికి బ్లేడు బిగించే స్క్రూ మరలు కూడా పోయాయి. చాలా బాధేసిందిరా, సగం చెక్కిన నెమలి బొమ్మ అలాగే ఉండిపోయింది.

అందుకే సీల్డ్ బేరింగులు, అంటే దుమ్ము దూరకుండా మూసి ఉండేవి, ఉన్నాయా, స్పేర్ పార్ట్స్ దొరుకుతాయా అని ముందే అడుగు. కుదిరితే ప్యారలల్ లింక్ రకం తీసుకో, అందులో పొడుగు చేతులు ముందుకీ వెనక్కీ కొంచెమే కదులుతాయి, పైకీ కిందికీ ఆడేది ముందున్న చిన్న ముక్కలే, కాబట్టి అదురు తక్కువ. బరువైన పోత ఇనుము బాడీ అయితే ఇంకా మంచిది. ఆన్ చేయించి, స్పీడు నెమ్మదిగా పెంచుతూ బల్ల మీద ఒక నాణెం నిలబెట్టి చూడు, పడిపోకుండా నిలిచిందా, ఇంక దాన్ని వదలకు.

ఇంకో ముఖ్యమైన మాట, పిన్ లేని బ్లేడు, అంటే చివర్లలో అడ్డంగా చిన్న పుల్ల లేనిది, పట్టేదే తీసుకో. పిన్ ఉన్న బ్లేడు దూరాలంటే పెద్ద రంధ్రం కావాలి, జాలీ పనిలో సన్న సన్న కంతలు కొయ్యలేవు. బ్లేడు మార్చడం షాపువాడు చేసి చూపిస్తే ఊరుకోకు, నువ్వే విప్పి, బిగించి, వేలితో మీటి చూడు, వీణ తీగలా టింగుమనాలి. ఒక్క బొమ్మకే ఇరవై ముప్పై సార్లు ఆ బ్లేడు విప్పి దూర్చాలి మరి, బిగింపు సతాయిస్తే పని మీదే విసుగొచ్చేస్తుంది.

బ్లేడు నుంచి వెనక్కి, మిషన్ వెనక భాగం దాకా, 16 అంగుళాల ఖాళీ ఉంటే నీ బొమ్మలకి చాలు.

ఏ మోడళ్లు చూస్తున్నావో ఫోటోలు పంపు, ఆ బిగింపు దగ్గరగా తీసి పంపరా.

నీ
మామ